అడగని క్షమాపణ

రత్నమాణిక్యం సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే చర్చిలో ఆడవాళ్ళు విసనకర్రలు ఆపేసేవారు. నరసాపురానికి దగ్గర్లోని ఆ పేటలో ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడుకుంటుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటారు. అందరూ చెప్పేది దాదాపు ఒకటే: కష్టం వచ్చింది, కన్నీళ్ళతో ప్రార్థించాను, తీరింది, దేవునికి స్తోత్రం. రత్నమాణిక్యం చెప్పేదీ అంతే. కాని ఆమె చెబితే గేదె తప్పిపోయిన సంగతి కూడా కళ్ళకు కట్టేది. ఏ గట్టు మీదుగా పోయింది, ఎవరి చేలో పడింది, ఆ రైతు ఏ తిట్టు తిట్టాడు, అన్నీ ఉండేవి. గేదె దొరికేసరికి వినేవాళ్ళకు ఆయాసం వచ్చేది.

ఆమె అంగన్‌వాడీ టీచరు. పదో తరగతి పాసైంది. మండపేట రైసుమిల్లులో పనిచేసే భర్త నెలకోసారి వచ్చిపోతాడు. ఆమె ఒక చోట కుదురుగా కూర్చోలేని మనిషి. అన్నం కూడా సగం నిలబడే తినేది.

అదే చర్చి వరండాలో, ద్వారానికి ఎడమ పక్కన, ఆమె అక్క సంపూర్ణమ్మ కూర్చునేది. ఆదివారమైనా గురువారమైనా అక్కడే. లోపలికి రాదు. పాటలు అందరికన్నా గట్టిగా పాడుతుంది. కానుకల సంచి వరండాలోకి వస్తే తన వంతు వేస్తుంది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం వేళకు మాత్రం లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు ఎందుకని అడిగితే, ముసలమ్మలు గొంతు తగ్గించి చెప్పేవారు.

వయసులో ఉండగా సంపూర్ణమ్మ పంటు నడిపే పల్లంరాజుతో వెళ్ళిపోయింది. పంటు అంటే నరసాపురం రేవు నుంచి అవతలి ఒడ్డుకు మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ. అతను హిందువు. పెళ్ళికి అటువాళ్ళూ ఒప్పుకోలేదు, ఇటువాళ్ళూ ఒప్పుకోలేదు. పెళ్ళి లేకుండానే ఇద్దరూ అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో కొన్నేళ్ళు కాపురం చేశారు. పచ్చకామెర్లతో అతను పోయాక ఆమె పేటకు తిరిగొచ్చింది. సంఘంలో మళ్ళీ చేరాలంటే ఆదివారం నాడు అందరి ముందూ నిలబడి, తప్పు చేశాను, క్షమించండి అని అడగాలి. అది అక్కడి కట్టుబాటు. అడిగినవాళ్ళను ఆ రోజే లోపలికి తీసుకుని ప్రభు భోజనం ఇచ్చేవారు. సంపూర్ణమ్మ అడగలేదు. అప్పటినుంచి వరండాయే ఆమె చోటు.

ఎవరైనా కదిపితే, "దేవుడితో నాకు తగువు లేదమ్మా, పెద్దలతోనే," అనేది.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో రాజమండ్రి నుంచి శ్యాంబాబు అనే జూనియర్ కాలేజీ లెక్చరరు పేటలోని బంధువులింటికి వచ్చాడు. అక్కడ జరిగిన ప్రార్థన కూడికలో రత్నమాణిక్యం సాక్ష్యం విని, మర్నాడు అంగన్‌వాడీ వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనా, ఇంకొందరు దళిత రచయితలూ కలిసి ఒక పత్రిక నడుపుతున్నారు. పేటల్లో ఉండేవాళ్ళు తమ బతుకు తామే రాసుకున్న కథలు ముందు పత్రికలో వేసి, తర్వాత పుస్తకంగా తేవాలని వాళ్ళ ఆలోచన.

"ఇంతకాలం మన గురించి వేరేవాళ్ళు రాశారండి. జాలిపడి రాశారు. ఇక మన బతుకులు మనమే రాసుకోవాలి," అన్నాడు.

"నాకు రాయడం ఏం వచ్చండి? పిల్లల బరువులు రాస్తాను. వచ్చిన నూనె, పప్పు రాస్తాను."

"సాక్ష్యం చెప్పినట్టే రాయండి. చాలు."

ఆ మాటే కొంప ముంచింది.

ఆ సాయంత్రం రత్నమాణిక్యం పక్కింట్లో ఉండే అక్క దగ్గరికి వెళ్ళింది. సంపూర్ణమ్మ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది. ఆమెకు అదే జీవనాధారం.

"అక్కా, నీ సంగతి రాయనా?"

"నా సంగతా? ఎవరిక్కావాలే?"

"రాజమండ్రిలో అడుగుతున్నారు."

"రాజమండ్రి వాళ్ళకి పనీపాటా లేదా?" సంపూర్ణమ్మ సూది ఆపకుండా నవ్వింది. ఆ వరస పూర్తయ్యాక, "రాసుకో. అబద్ధం మాత్రం రాయకు," అంది.

అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసింది రత్నమాణిక్యం. ముందు 'ఆమె' అని మొదలుపెట్టింది. పంపు దగ్గర చాడీలు చెబుతున్నట్టు అనిపించి కొట్టేసింది. సాక్ష్యంలో 'నేను' తప్ప ఇంకో మాట ఉండదు. అక్క కథే అయినా 'నేను' అనే రాసింది. అప్పుడు కలం సాగింది. రేవు బాగా వచ్చింది. సఖినేటిపల్లిలో వాళ్ళుండే గది, అందులో ఒకే ఒక్క కిటికీ బాగా వచ్చాయి. పల్లంరాజు కళ్ళు పసుపుపచ్చగా మారిన రోజులు ఇంకా బాగా వచ్చాయి. అక్క పేటకు తిరిగొచ్చాక కథ ఆగిపోయింది. వరండాలో కూర్చున్న మనిషితో కథ ఎలా ముగించాలో ఆమెకు తోచలేదు.

ఇంట్లో ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళి నిలబడింది. పాలు పొంగిపోయాయి. అర్ధంతరంగా వదిలేద్దామంటే చెయ్యి ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆ చేతికి అలవాటైన దారే దొరికింది. "ఆ ఆదివారం నేను లేచి నిలబడ్డాను. నా కన్నీళ్ళు నేల మీద పడ్డాయి. తప్పు చేశాను, క్షమించండి అన్నాను. సంఘం నన్ను క్షమించింది. ప్రభువు గిన్నె నా పెదవులకు తగిలింది." రాస్తూ తనే ఏడ్చింది. ఏడుపొచ్చింది కాబట్టి బాగుందనుకుంది. రాసేవాళ్ళు చేసే తప్పుల్లో మొదటిది అదే.

మరుసటి ఏడు మొదట్లో కథ పత్రికలో వచ్చింది. శ్యాంబాబు స్వయంగా రెండు ప్రతులు తెచ్చిచ్చి, పుస్తకంలో మొదటి కథ ఇదేనని చెప్పి వెళ్ళాడు. పేటలో చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. పేర్లు మార్చినా ఎవరి సంగతో అందరికీ తెలిసిపోయింది. సంపూర్ణమ్మకు మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. ఆమె కూడబలుక్కుని చదవగలదు గాని, చెల్లెలే వచ్చి చదువుతుందని ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇవాళ కాదు రేపు అంటూ రత్నమాణిక్యం దాటేసింది.

చివరికి చదివింది పాస్టరు గారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు నడుస్తున్నాయి. ఒక సాయంత్రం సంపూర్ణమ్మ ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ చింతపండు గింజ తీస్తున్నారు. పెద్దాపురం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన పాస్టరు యెహెజ్కేలు గారు చేతిలో పత్రిక చుట్టి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చిన్న వయసు, మంచి మనిషి.

"వందనాలమ్మా."

"వందనాలండి అయ్యగారూ. కూర్చోండి. కాఫీ తెస్తాను."

ఆయన కాఫీ గ్లాసు అందుకుని పక్కన పెట్టుకున్నారు. "ముందు సంతోషమైన మాట చెప్పాలి. మీరు క్షమాపణ అడిగారు. సంఘం వింది."

"నేనా? ఎప్పుడండీ?"

"ఇందులో. రాసింది మీ చెల్లెలే అయినా మాట మీదేనని పేటంతా అంటున్నారు. పెద్దలతో మాట్లాడాను. వాళ్ళలో చంద్రరావు మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఈస్టరు ముందటి వారం, మట్టలాదివారం నాడు మీరు లోపలికి రావాలి. మళ్ళీ నిలబడి అడగక్కర్లేదు. ఇది చాలు."

"చదవండి, విందాం," అంది సంపూర్ణమ్మ.

ఆయన చివరి పేరా చదివారు. ప్రసంగాలు చేసే గొంతు కాబట్టి ఇంకా బాగుంది. రత్నమాణిక్యం తల ఎత్తలేదు. గింజ తీసిన చింతపండులోనే మళ్ళీ గింజల కోసం వెతుకుతోంది.

"బాగుందండి," అంది సంపూర్ణమ్మ. "ఎవరిదీ?"

"మీదేనమ్మా."

"నాది కాదండి. నేనడగలేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

"పోనీ, అడిగినట్టే అనుకుందామమ్మా."

"అనుకోకండి."

యెహెజ్కేలు గారు కాఫీ తాగి లేచారు. పట్టు వదల్లేదు. "ప్రభువు మనసులు మారుస్తాడు. ఆ రోజు నేనే వరండాలోకి వచ్చి పిలుస్తాను," అని వెళ్ళిపోయారు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా సంపూర్ణమ్మ గుమ్మంలోంచి చూసింది.

"అబద్ధం రాయకన్నానా?"

"కథక్కా అది. ముగింపు ఉండాలి గదా."

"నాకుందా ముగింపు?"

"నీకు మంచి జరగాలనే..."

"మంచే! ఇన్నేళ్ళూ వానొస్తే తడిసి, ఎండొస్తే మాడి ఆ వరండాలో ఎందుకు కూర్చున్నానే? గడప దాటడం చేతకాకా? ఆ మనిషితో ఉండటం తప్పని నా నోటితో నేను అనలేదు. నాకంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని నువ్వు నాలుగు ముక్కల్లో ఇచ్చేసొచ్చావు. ఇప్పుడు లోపలికెళ్తే అవును తప్పే అన్నట్టు. వెళ్ళకపోతే పెద్దలు పెట్టిన క్షమాపణ కాలితో తన్నినట్టు. ఎలా చూసినా నా మాట లేదు అందులో."

"మార్చేస్తానక్కా. పుస్తకం ఇంకా రాలేదు."

"అచ్చయిన కాగితం మారుస్తావు సరే. పేట చెవుల్లో పడింది ఏం మారుస్తావ్? ఆ చింతపండు వదులు. పిండి పిండి చేసేస్తున్నావ్."

రెండో శనివారం సెలవు చూసుకుని రత్నమాణిక్యం బస్సెక్కింది. పాలకొల్లు, రావులపాలెం దాటి రాజమండ్రి చేరేదాకా కొత్త ముగింపులు అల్లుతూనే ఉంది. ఒకదాంట్లో అక్క పెద్దల్ని నిలదీస్తుంది. ఒకదాంట్లో వర్షంలో నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఇంకోదాంట్లో పల్లంరాజు కలలో కనిపిస్తాడు. అన్నీ బాగానే ఉన్నాయి, అన్నీ తను కల్పించినవే. బస్సు దిగేసరికి తలనొప్పి పట్టుకుంది.

శ్యాంబాబు ఇంట్లో మంచం మీద ప్రూఫులు పరిచి ఉన్నాయి.

"ముగింపు మార్చాలండి," అంది, మంచినీళ్ళు కూడా తాగకుండా.

"ముగింపు మారుస్తారా? అందరూ మాట్లాడేది దాని గురించేనండి! నాకు చర్చి అంటే పడదు, అయినా నాకే కళ్ళు చెమర్చాయి."

"అది జరగలేదండి. మా అక్క క్షమాపణ అడగలేదు."

"అడగక్కర్లేదండి. కథలో 'నేను' అంటే మీరూ కాదు, మీ అక్కగారూ కాదు. అదొక సమూహం గొంతు. ఆత్మకథకీ కల్పనకీ మధ్య గీత ఎక్కడుందో ప్రపంచంలో ఎవరూ తేల్చలేదు. మీరు జీవితాన్ని సాహిత్యసత్యంగా..." ఆయన అలా చాలాసేపు మాట్లాడాడు. అందులో తప్పేమీ లేదు కూడా.

రత్నమాణిక్యం పూర్తిగా విని, "మా పేటలో ఆ కథ చదివినవాళ్ళు సమూహం దగ్గరికి వెళ్ళలేదండి. మా అక్క ఇంటికొచ్చారు," అంది.

శ్యాంబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మట్టలాదివారం మర్నాడు పుస్తకం ప్రెస్సుకు వెళ్తుందనీ, ఆలోగా కొత్త ముగింపు ఇస్తే వేస్తాననీ, ఇవ్వకపోతే ఉన్నదే ఉంచుతాననీ చెప్పాడు. తిరుగు బస్సులో ఆమెకు సీటు దొరికినా రావులపాలెం దాకా నిలబడే వచ్చింది.

అక్క ఇంటికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ సంపూర్ణమ్మ లేసు మీదనుంచి తల ఎత్తలేదు. "అయ్యగారు పిలిస్తే ఏం చేస్తావక్కా?" అని అడిగితే, "నువ్వే రాయి, ఏం చేస్తానో," అంది.

మట్టలాదివారం వచ్చింది. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాడుతూ పేట చుట్టూ తిరిగి చర్చిలోకి వచ్చారు. నేలంతా ఆకులే. ప్రసంగం అయ్యాక యెహెజ్కేలు గారు బల్ల దగ్గరినుంచి దిగి, మగవాళ్ళ వరసలకీ ఆడవాళ్ళ వరసలకీ మధ్య నడిచి ద్వారం దాకా వెళ్ళారు.

"సంపూర్ణమ్మగారూ, లోపలికి రండమ్మా. ప్రభువు మిమ్మల్ని క్షమించాడు."

అందరి తలలూ వరండా వైపు తిరిగాయి. సంపూర్ణమ్మ మోకాళ్ళ చుట్టూ చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు వైపు చూస్తోంది. పాస్టరు గారు చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. ఎంతసేపు నిలబడితే అంత కష్టం ఆయనకూ, ఆమెకూ.

ఆడవాళ్ళలోంచి రత్నమాణిక్యం లేచింది.

"అయ్యగారండీ, సాక్ష్యం ఉందండి."

"ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు ఉండవమ్మా."

"చెప్పి కూర్చుంటానండి." గేదె గురించి అంత బాగా చెప్పిన మనిషికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. "పత్రికలో ఆఖరి మాటలు నేను కల్పించాను. మా అక్క క్షమాపణ అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. అడగనిదానికి క్షమించడాలు వద్దండి. అంతేనండి."

ఆమె ఆగిపోయింది. చివర రావలసిన మాట కోసం అందరూ ఎదురుచూశారు. అది రాకపోయేసరికి వెనక ఒకావిడ అలవాటుగా తనే "స్తోత్రం" అనేసి నాలిక కరుచుకుంది. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

ముందు వరసలోంచి చంద్రరావు మాస్టారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. సంపూర్ణమ్మను నిలబడమన్న ఆనాటి పెద్ద ఆయన తండ్రే.

"అంటే సంఘాన్ని అడ్డం పెట్టి అబద్ధం అచ్చేయించావన్నమాట. అయితే క్షమాపణ నువ్వడుగు. నిలబడే ఉన్నావు గదా, సరిపోయింది."

"అడుగుతానండి మాస్టారూ. నేనడగాల్సిన మనిషి వరండాలో ఉందండి."

ఆకుల మీదనుంచి నడిచి, చెయ్యి చాపి నిలబడ్డ పాస్టరు గారి పక్కనుంచి బయటికి వచ్చింది. అక్క ముందు నిలబడింది. "తప్పయిపోయిందక్కా," అంది.

సంపూర్ణమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ముందా కొంగు సర్దుకో. జనం చూస్తున్నారు."

"అక్కా..."

"వినబడిందిలే. కూర్చో."

లోపల చంద్రరావు మాస్టారు ఈ సంగతి కమిటీలో తేల్చాలని గట్టిగా అంటున్నారు. యెహెజ్కేలు గారు చాపిన చెయ్యి దించుకుని, వరండా వైపు చూసి తల పంకించి, బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళారు. పాట ఎత్తుకున్నారు. సంపూర్ణమ్మ ఎప్పటిలాగే గట్టిగా పాడింది. ప్రభు భోజనం వేళకు లేచి చెప్పులు వేసుకుంది. రత్నమాణిక్యం ఒకసారి లోపలికి చూసి, తన చెప్పుల కోసం వెతుక్కుంది.

భోజనాలయ్యాక సంపూర్ణమ్మ తనే చెల్లెలి ఇంటికి వచ్చి, దారపుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చదువు. మొదట్నుంచి."

రత్నమాణిక్యం పత్రిక తెరిచింది. "'పల్లంరాజు నన్ను రేవుకి రమ్మని కబురు పెట్టాడు. నేను...'"

"ఆగు. ఆయన కబురు పెట్టలేదు. వద్దన్నాడు. నీ వాళ్ళు నిన్ను బతకనివ్వరు, వెళ్ళిపో అన్నాడు. నేనే వెళ్ళి పంటెక్కాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? రాయనా అన్నావు. ఏం జరిగిందని అడగలేదు."

రత్నమాణిక్యానికి కూర్చోవాలనిపించింది. గోడకు చేరబడి కూర్చుంది. "మరి నిన్ను నిలబడమన్న ఆ ఆదివారం ఏం జరిగిందక్కా?"

"ఏం జరుగుద్ది? మాస్టారి నాన్నగారు నిలబడమన్నారు. నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. మళ్ళీ అన్నారు. అమ్మ వెనకనుంచి పొడిచింది. ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇంకాసేపుంటే ఆకలికి కళ్ళు తిరిగి పడిపోతాను, అది చూసి పశ్చాత్తాపం అనుకుంటారని లేచి బయటికొచ్చేశాను."

"అంతేనా?"

"అంతే. నీ కథలో బాగోదా?"

బాగుంటుందో లేదో రత్నమాణిక్యానికి నిజంగా తెలియలేదు. చివరి పేరా ఒక్కటే మారిస్తే సరిపోదనీ, మొదటి వాక్యం నుంచి విప్పాలనీ మాత్రం తెలిసింది. పంటెక్కింది ఎవరో మారితే ఆ తర్వాతి ప్రతి మాటా మారుతుంది.

మర్నాడు పిల్లలకు గుగ్గిళ్ళు పెట్టి ఇళ్ళకు పంపించాక ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి రాజమండ్రికి ఫోను చేసింది.

"నా కథ పుస్తకంలో వేయకండి."

"ఏంటండీ? అదే మొదటి కథండీ! పేజీ నంబర్లన్నీ పడ్డాయి!"

"తప్పయిందండి. కొత్తది రాస్తున్నాను."

"ఎప్పటికిస్తారు?"

"తెలీదండి. ఆవిడ చెప్పాలి, నేను రాయాలి."

ఆ తర్వాత శ్యాంబాబు మాట్లాడినదంతా కోపమే. ఆమె 'ఆఁ, అవునండి' అంటూ విని పెట్టేసింది. పుస్తకం ఆమె కథ లేకుండానే వచ్చింది. రాజమండ్రిలో సభ జరిగిందని తర్వాతెప్పుడో తెలిసింది.

బూత్ నుంచి వచ్చేసరికి సంపూర్ణమ్మ అరుగు మీద లేసు అల్లుతూ ఎదురుచూస్తోంది.

"ఏమన్నాడు?"

"తిట్టాడు."

"తిట్టనీ. ఎక్కడున్నాం?"

"పంటు మీద. నువ్వెక్కావు. ఆయన నిన్నింకా చూడలేదు."

"ఆఁ. ఆ రోజు పంటు నిండా కొబ్బరికాయలు. కాలు పెట్టడానికి చోటు లేదు. రాయి."

రత్నమాణిక్యం రాసింది.

"కొబ్బరికాయలు అని ఊరికే రాయకు. పచ్చివి. ఒలిచినవి కావు."

ఆమె కొట్టేసి మళ్ళీ రాసింది.